పట్నం కంటె ముందే మా ఊరికి టీవీ

ఇంకో రెండు కట్టెలు ఎగదొయ్యి బిడ్డా, చలి జోరుగుంది. ఆ ఫోను జర పక్కకు పెట్టు. నేను చెప్పేది సుత టీవీ ముచ్చటనే.

మీ తాతకు టీవీ అంటె రామాయణమే. 1987ల ఆదివారం పొద్దుగాల తొమ్మిదిన్నరకు ఊరంత ఒక్క డబ్బ ముంగట కూసునేదని చెప్తడు. అది ఎవలైన చెప్తరు. మా పాలమూరు పల్లెలకు టీవీ అంతకంటె పన్నెండేండ్ల ముందే వచ్చింది. 1975 ఆగస్టు ఒకటో తారీకు నాడు. అప్పటికి హైదరాబాదుల టీవీ ప్రసారాలే షురువు కాలె. పట్నపోళ్లు చూడని టీవీని ఎడ్లు కాసే పోరగాండ్లు చూసిండ్రు!

దాన్ని ‘సైట్’ అంటుండ్రి. అమెరికా నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మన ఇస్రో ఒక్క యేడాది కోసం మాట్లాడుకుంది. ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊర్లు. మన దిక్కు పాలమూరు, మెదక్, హైదరాబాదు, కర్నూలు జిల్లాలు. ఎనుకబడ్డ జాగలని చూసి ఏరిండ్రట. మా లేమి ఒక్కసారన్న అక్కరకొచ్చింది.

జీపుల మనుషులొచ్చి బడి ముంగట గుంజలు పాతిండ్రు. వాటి మీద కోళ్లకు కట్టే ఇనుప జాలితోని చేసిన గిన్నె, అడ్డం పది అడుగులు ఉంటది, ఛత్రిని తిరగేసినట్టు. మొఖం పొద్దుగుంకే దిక్కుకు. ఎందుకట్లనో నేను టీచర్నై పుస్తకాలు చదివినంక తెలిసింది. ఆ ఉపగ్రహం ఆఫ్రికాల కెన్యా నెత్తిమీద 36 వేల కిలోమీటర్ల ఎత్తుల ఉండె. అహ్మదాబాదు నుంచి బొమ్మ దాని దాంక పోయి, తిరిగి మా జాలిల పడాలె. మా మేకలకు ఇదంత ఏమెరుక? జాలికి పెయ్యి రుద్దుకుంటుంటె సారు కట్టె పట్టుకొని ఉరుకుతుండె. టీవీ డబ్బలు మాత్రం పరాయియి కావు, హైదరాబాదు ఈసీఐఎల్ల తయారైనయే.

ఇంకో ముచ్చట. ఇట్ల ఉపగ్రహాలతోని బొమ్మలు, మాటలు పంపొచ్చని 1945లనే రాసిన ఆర్థర్ క్లార్క్ అప్పుడు కొలంబోల ఉంటుండె. మనోళ్లు ఆయన ఇంటి మీద సుత ఇట్లాంటి గిన్నెనే పెట్టిచ్చిండ్రు. ఆయనకూ మాకూ ఒక్కటే బొమ్మ!

పొద్దుగాల బడి పిల్లలకు, రాత్రి ఊరందరికి. మొదట్ల చుట్టుపక్కల ఊర్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చిండ్రు. రామారావు వస్తడా, నాగేశ్వరరావు వస్తడా అని కాసుకొని కూసుంటె యూరియా ఎంత ఎయ్యాలె, బర్రెకు సూది ఎప్పుడిప్పియ్యాలె అని వచ్చె. మా మేనమామ ‘దీనికోసమా నేను బువ్వ తినకుండ వచ్చింది’ అని తువ్వాల దులుపుకొని లేచిపోయిండు. అర్ధగంట హిందీల వస్తుండె. నిజాం జమానల ఉర్దూ చదివిన ముసలోళ్లు మాకు తెలుగుల చెప్పాలె. వాళ్లకు అంత గిరాకీ మళ్ల ఎన్నడు రాలె. అది ఎమర్జెన్సీ కాలం, సర్కారు గొప్పలకు కొదవ లేకుండె. కుటుంబ నియంత్రణ ముచ్చట రాంగనే మగోళ్లు బీడీలకని బయటికి జారుకుంటుండ్రి.

ఆడోళ్లు మాత్రం లేవకపోతుండ్రి. చంకల పిల్లలు, కింద గోనెసంచులు. బాలింత ఏం తినాలె, పసిపిల్లకు కడుపు నడిస్తె నీళ్లు ఆపొద్దు తాపాలె అని డాక్టరమ్మ చెప్తుంటె మా అమ్మ కొంగు కొస నోట్లె పెట్టుకొని రెప్ప కొట్టకుండ చూస్తుండె. అప్పటిదాంక మా ఇండ్లల్ల కడుపు నడిస్తె నీళ్లు బంద్. మరునాడే మా అమ్మ మా చిన్నమ్మతోని కొట్లాడి పిల్లగానికి నీళ్లు తాపిచ్చింది. అక్షరం రాని మనిషి, దవాఖాన మెట్లెక్కని మనిషి. ఇప్పుడు మూడొందల ఛానళ్లున్నయి కద, ఒక్కదాంట్లనన్న అట్లాంటి అమ్మతోని ఎవలన్న మాట్లాడుతున్నరా? తర్వాత వచ్చిన సీరియళ్లన్ని కలిపినా ఆ డాక్టరమ్మకు సరి రావు.

1976 జూలై 31తోని బందైంది. నాసా వాళ్లు ఉపగ్రహాన్ని అమెరికా దిక్కు జరుపుకున్నరు. ఎవలనీ అనేది లేదు, ఒప్పందమే యేడాదికి. 1977 అక్టోబరుల పట్నంల దూరదర్శన్ షురువైంది కాని దాని బొమ్మ మా ఊరి దాంక రాకపాయె. మళ్ల టీవీ చూసేటాళ్లకు నాకు పెండ్లయ్యి మీ నాయిన పుట్టిండు.

మన దగ్గరికి టీవీ ఎప్పుడొచ్చిందని పరీక్షల అడిగితె అందరు 1977 అని రాస్తరు. నువ్వు 1975 అని రాయి బిడ్డా. మార్కు పోతె పోనీ.