మలబద్ధకం: జొన్న గటక నుంచి నైట్ షిఫ్టు దాకా

మలబద్ధకాన్ని తిండికి మాత్రమే సంబంధించిన జబ్బుగా చూడడం ఇటీవలి అలవాటే గాని, భారతీయ వైద్యం మొదటినుంచీ దాన్ని వేళతో కూడా ముడిపెట్టింది. చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం, ఆపకూడని 13 వేగాలను, అంటే శరీరం తనంతట తాను తెలిపే ప్రేరణలను పేర్కొంటూ, మలవేగాన్ని అణచుకుంటే కడుపుబ్బరం, తలనొప్పి, పిక్కల నొప్పి వస్తాయని హెచ్చరించింది. ఇక మందు దగ్గరికి వస్తే, ఆయుర్వేదం త్రిఫల పేరుతో వాడిన కరక్కాయ, తానికాయ, ఉసిరికాయలతోనే యునానీ హకీములు ఇత్రీఫల్ అనే లేహ్యం చేసి ఇచ్చారు. ఇక్కడ రెండు వైద్యాలకూ పేచీ లేదు.

ఇప్పుడు హైదరాబాదు ఐటీ ప్రాంతాలైన మాదాపూర్, కొండాపూర్, నానక్‌రాంగూడలు ఇంకా ఊళ్లుగా ఉన్న కాలంలో తెలంగాణ మెట్ట ప్రాంతాల తిండి జొన్నరొట్టె, జొన్నరవ్వతో వండే గటక. జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరి, నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తబరచే పీచు, జాతీయ పోషకాహార సంస్థ 2017 నాటి పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో 10 గ్రాములకు పైగా ఉండగా, మరపట్టిన బియ్యంలో 3 గ్రాములైనా లేదు. 1983లో మొదలైన కిలో 2 రూపాయల బియ్యం పథకం ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది. ఆ మేలును తక్కువ చేయలేం గాని, తెల్లన్నం పెరిగి జొన్న తగ్గడంలో దానికీ వాటా ఉంది. అంతకు 11 ఏళ్ల ముందే, 1972లో, వైద్యుడు డెనిస్ బర్కిట్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో పీచు తిండి తినేవారికి మలం ఎక్కువగా, త్వరగా వెళుతుందని చూపారు. జొన్నను ముఖ్య పంటల్లో ఒకటిగా పెట్టుకున్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ హైదరాబాదు పొలిమేరలో వెలిసిందీ ఆ ఏడాదే.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మారినది తిండి కన్నా వేళ. ఆహారం కడుపులో పడగానే పెద్దపేగు కదలడాన్ని వైద్యులు గ్యాస్ట్రోకోలిక్ ప్రతిచర్య అంటారు. ఉదయం నిద్రలేచి తిన్నాక అది బలంగా ఉంటుంది. అమెరికా వేళలకు పనిచేసే ఉద్యోగి సరిగ్గా అప్పుడు నిద్రలో ఉంటాడు, పగటి ఉద్యోగి ట్రాఫిక్‌లో ఉండి, ఆఫీసు చేరాక మీటింగు ముగిసేదాకా బిగబట్టుకుంటాడు. అలా అణచినకొద్దీ పురీషనాళం సంకేతాలకు మొద్దుబారుతుంది, నిలిచిన మలంలోని నీరు ఇంకిపోయి అది గట్టిపడుతుంది. అపార్ట్‌మెంట్ల కమోడ్ మీద మోకాళ్లు పైకి లేవవు గనుక, పురీషనాళాన్ని వంచి పట్టే కండరం గొంతుక్కూర్చున్నప్పుడు సడలినంతగా సడలదు. పాదాల కింద చిన్న పీట వేసుకుంటే ఆ లోటు కొంత తీరుతుంది.

ఇప్పుడు సాయంత్రాలు రోడ్ల పక్కన జొన్నరొట్టె బండ్లు కనిపిస్తున్నాయి, పోయిన తిండి కొంత తిరిగి వచ్చింది. పొద్దున తిన్నాక తీరిగ్గా కూర్చునే పావుగంట మాత్రం రాలేదు, ఏ క్యాంటీనూ దాన్ని వడ్డించలేదు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే దాన్ని ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, నీళ్లు చాలకుండా ఇసబ్‌గోల్ తీసుకుంటే అడ్డంకి కలగవచ్చు. ముక్కేటప్పుడు కటి కండరాలు సడలక బిగుసుకునేవారికి పీచు ఒక్కటే చాలదు. వారికి పురీషనాళపు ఒత్తిడిని కొలిచి, ఆ కండరాలను సడలించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ అవసరమవుతుంది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నడివయసు దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం వీటిలో ఏది కనిపించినా, త్రిఫల మీద గాని రొట్టె మీద గాని భారం వేయకుండా జీర్ణకోశ వైద్యుణ్ణి చూడవలసి ఉంటుంది.