ప్రోటీన్ కైనేజ్

జీవకణంలోని ప్రోటీనుకు ఒక ఫాస్ఫేటు సమూహాన్ని చేర్చే ఎంజైమును ప్రోటీన్ కైనేజ్ అంటారు. ఈ చర్యను ఫాస్ఫారిలేషన్ అంటారు. దీని వలన ఆ ప్రోటీను పని మొదలుపెట్టవచ్చు, మానివేయవచ్చు, కణంలో చోటు మారవచ్చు లేదా మరొక ప్రోటీనుతో జతకట్టవచ్చు. కొత్త ప్రోటీనును తయారు చేసుకోవడం కంటే, ఉన్న ప్రోటీను పనితీరును ఈ విధంగా మార్చుకోవడం కణానికి చాలా వేగవంతమైన మార్గం. మానవ జన్యువులలో 518 ప్రోటీన్ కైనేజ్‌లకు సంబంధించినవని 2002లో లెక్కకట్టారు.

పనిచేసే విధానం

కైనేజ్ తనకు కావలసిన ఫాస్ఫేటును ఏటీపీ (అడినోసిన్ ట్రైఫాస్ఫేట్) అణువు నుండి తీసుకుంటుంది. ఏటీపీలో మూడు ఫాస్ఫేటులు వరుసగా ఉంటాయి. వాటిలో చివరిదానిని విడదీసి, ప్రోటీనులోని సెరీన్, థ్రియోనిన్ లేదా టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి కైనేజ్ జతచేస్తుంది. ఫాస్ఫేటుకు ఋణావేశం ఉండటం వలన దాని చుట్టూ ఉన్న భాగాల అమరిక మారుతుంది. దానితో ప్రోటీను ఆకారం, పనితీరు కూడా మారుతాయి.

చేర్చిన ఫాస్ఫేటును ఫాస్ఫటేజ్ అనే మరొక రకం ఎంజైములు తొలగిస్తాయి. ఈ రెండింటి మధ్య సమతుల్యతే కణానికి ఆధారం. చేర్చడం ఎంత అవసరమో, తగిన సమయంలో తొలగించడమూ అంతే అవసరం.

చరిత్ర

ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కే, తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. కండరాలలో గ్లైకోజెన్‌ను విడగొట్టే ఫాస్ఫారిలేజ్ అనే ఎంజైము రెండు రూపాలలో ఉంటుందని కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులు గుర్తించారు. ఒక రూపం మరొక రూపంగా మారడానికి ఫాస్ఫేటు చేరడమే కారణమని 1950లలో సియాటిల్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ నిరూపించారు. ఇందుకు వారికి 1992లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. టైరోసిన్‌కు కూడా ఫాస్ఫేటు చేరుతుందని 1979లో టోనీ హంటర్ బృందం కనుగొన్నది.

ఉదాహరణ

భయపడినపుడు రక్తంలోకి అడ్రినలిన్ విడుదల అవుతుంది. అది కణం లోపలికి ప్రవేశించదు. కణత్వచంపై ఉన్న గ్రాహకానికి అతుక్కుంటుంది. అపుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే అణువు తయారై, ప్రోటీన్ కైనేజ్-ఎ ను ఉత్తేజపరుస్తుంది. అది ఫాస్ఫారిలేజ్ కైనేజ్‌ను, అది తిరిగి ఫాస్ఫారిలేజ్‌ను ఉత్తేజపరుస్తాయి. చివరకు గ్లైకోజెన్ విడిపోయి కండరాలకు శక్తి అందుతుంది. ప్రతి మెట్టులోనూ ఒక ఎంజైము అణువు అనేక అణువులను మార్చగలదు కనుక, కొద్దిపాటి హార్మోనుకే పెద్ద ప్రతిస్పందన కలుగుతుంది.

అదుపు తప్పితే

సాధారణంగా కైనేజ్‌లు సంకేతం అందినపుడే పనిచేస్తాయి. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త కాన్సరులో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసిపోతాయి. వాటి నుండి తయారయ్యే టైరోసిన్ కైనేజ్ సంకేతంతో నిమిత్తం లేకుండా నిరంతరం పనిచేస్తూ, తెల్ల రక్తకణాలు మితిమీరి పెరగడానికి కారణమవుతుంది.

ఈ కైనేజ్‌లో ఏటీపీ కూర్చునే చోటును ఆక్రమించి, దానిని పనిచేయనీయకుండా చేసే మందు ఇమాటినిబ్. అమెరికాలో దీనికి 2001లో అనుమతి లభించింది. అంతవరకు చాలామందికి కొద్ది సంవత్సరాలలో ప్రాణాంతకమయ్యే ఈ వ్యాధి, రోజూ మాత్ర వేసుకుంటూ దీర్ఘకాలం జీవించగలిగే వ్యాధిగా మారింది. కొందరిలో కైనేజ్ ఉత్పరివర్తనం చెంది, ఇమాటినిబ్ దానికి అతుక్కోలేదు. అటువంటివారి కోసం డాసాటినిబ్, నిలోటినిబ్ వంటి మందులు తరువాత వచ్చాయి.

భారతదేశంలో ఇమాటినిబ్ స్ఫటిక రూపానికి పేటెంటు కోరుతూ నోవార్టిస్ కంపెనీ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఆ పేటెంటును వ్యతిరేకించినవారిలో కాన్సరు రోగుల సంఘంతో పాటు, హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మా కూడా ఉంది. ఈ తీర్పు వలన భారతీయ కంపెనీలు తక్కువ ధరకు ఈ మందును తయారు చేయడం కొనసాగించడానికి వీలు కలిగింది.