కొనడం ఒక ఎత్తు.. నిలుపుకోవడం మరో ఎత్తు: ఇటలీ ‘లె మాన్స్‌’ మోటారు సైకిలు సంరక్షణ

పాతకాలపు ఇటలీ రేసు తరహా మోటారు సైకిళ్లలో మామూలు మెకానిక్కు చేతికి సైతం లొంగే బండి ఏదంటే, తెలిసినవారు ముందుగా చెప్పే పేర్లలో మోటో గుజ్జి సంస్థ తయారుచేసిన ‘850 లె మాన్స్‌’ ఒకటి. 1975 చివర మిలాన్‌ ప్రదర్శనలో తొలిసారి దర్శనమిచ్చి, 1976లో విక్రయానికి వచ్చిన ఈ వాహనానికి 2026తో 50 ఏళ్లు నిండుతాయి. మొదటి రిజిస్ట్రేషన్‌ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకే మన దేశంలో ‘వింటేజ్‌’ గుర్తింపు లభిస్తుంది కనుక, దీనిపై ఆసక్తి గలవారు కొన్ని విషయాలు ముందే తెలుసుకోవడం మేలు. ఎర్రని రంగు చూసి మోజుపడి కొన్నవారికి అసలు ఖర్చు తర్వాత ఎదురవుతుంది. ఈ బండిలోని పెద్ద చిక్కు పైకి కనిపించేది కాదు.

ఉత్తర ఇటలీలోని కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో డెల్‌ లారియో అనే చిన్న ఊరు ఉంది. కార్లో గుజ్జి, జార్జియో పరోడి కలిసి 1921లో స్థాపించిన మోటో గుజ్జికి నేటికీ అదే పుట్టిల్లు. వీరికి తోడుగా నిలవవలసిన మూడో మిత్రుడు జొవాన్ని రవెల్లి విమాన చోదకుడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే, 1919లో విమాన ప్రమాదంలో మరణించాడు. ఆయన జ్ఞాపకార్థమే సంస్థ చిహ్నంలో రెక్కలు చాచిన డేగను ఉంచారు. 2004 నుంచి ఈ సంస్థ వెస్పా స్కూటర్లతో మనవారికి చిరపరిచితమైన పియాజియో చేతిలో ఉంది.

లె మాన్స్‌ ఇంజనుకు మూలం గిలియో చెజారె కర్కానో రూపకల్పన. 1950వ దశకంలో 8 సిలిండర్ల 500 సి.సి. రేసు బండిని రూపొందించిన ఘనుడు ఆయనే. ఆయన గీసిన ఇంజను 1967లో ‘వి7’ అనే బరువైన బండిలో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ ఇంజనుకు తగినట్లు లినో టోంటి 1971 నాటి ‘వి7 స్పోర్ట్‌’ కోసం తక్కువ ఎత్తు గల ఫ్రేము తయారుచేశారు. ఈ రెంటి కలయికే లె మాన్స్‌. 844 సి.సి. సామర్థ్యం, 90 డిగ్రీల కోణంలో అటొకటి ఇటొకటి బయటకు పొడుచుకు వచ్చిన రెండు సిలిండర్లు, 5 గేర్లు, గంటకు 200 కి.మీ. దాటే వేగం దీని ప్రత్యేకతలు. క్రాంకు షాఫ్టు బండి పొడవునా అమరి ఉండడంతో, నిలిపి ఉంచి యాక్సిలరేటర్‌ తిప్పితే బండి మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. కొత్తవారు దీనిని చూసి కంగారుపడతారు గానీ, అది లోపం కాదు.

బోరింగుకు లొంగని బోరు

అసలు చిక్కు సిలిండర్లలో ఉంది. మన బుల్లెట్‌కు సిలిండర్‌ అరిగితే లేతు షాపుకు పంపి బోరింగు చేయించి, పెద్ద సైజు పిస్టను వేయడం అందరికీ తెలిసిన పద్ధతి. తొలి రకం లె మాన్స్‌కు ఆ పద్ధతి పనికిరాదు. దీని సిలిండర్లు అల్యూమినియంతో చేసి, లోపలి గోడకు క్రోమియం పూత పూసినవి. కొత్తగా ఉన్నప్పుడు ఆ పూత ఎంతో గట్టిది. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా బండి చాలాకాలం కదలకుండా పడి ఉంటే, అక్కడక్కడ పెచ్చులుగా లేస్తుంది. ఆ పెచ్చులు ఇంజను ఆయిలులో కలిసి క్రాంకు బేరింగుల దాకా చేరి వాటిని గీకివేస్తాయి. అంటే చెడిపోయేది సిలిండర్‌ ఒక్కటే కాదు, దాని వెంట ఇంజను మొత్తం.

దీనికి తోడు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండికి ఎయిర్‌ ఫిల్టరు లేదు. 36 మి.మీ. డెల్లోర్టో కార్బ్యురేటర్ల మూతులు బయటికి తెరిచే ఉంటాయి. రేసు మైదానానికి అది శోభాయమానమే. దుమ్ము రేగే రోడ్ల మీద మాత్రం సిలిండర్‌కు శత్రువు. అసలు రూపం చెడుతుందని కొందరు ఒప్పుకోరు గానీ, మన వంటి ప్రాంతంలో నడపదలచినవారు ఫిల్టరు తగిలించుకోవడమే వివేకం.

కనుక కొనే ముందు స్పార్కు ప్లగ్గు తీసి, సన్నని కెమెరా గొట్టంతో సిలిండర్‌ గోడలు చూడవలసి ఉంటుంది. యజమాని ఒప్పుకుంటే ఇంజను అడుగున ఉండే ఆయిల్‌ చాంబరు విప్పి, మెరిసే రేకు ముక్కలు ఉన్నాయేమో చూడడం మరింత నమ్మకమైన పని. సిలిండర్లు చెరో పక్కకు ఉన్నందున ఇంజను బండిలో ఉండగానే హెడ్డు విప్పవచ్చు. పూత లేచినట్లు తేలితే, నికెల్‌-సిలికాన్‌ పూత గల కొత్త సిలిండర్లు, పిస్టన్లు జతగా వేయడమే మార్గం. వీటిని మాండెల్లోలోనే ఉన్న గిలార్దోని సంస్థ తయారుచేస్తుంది. 1981 నాటి మూడో రకం లె మాన్స్‌కు ఈ కొత్త తరహా పూతే ఉండడంతో దానికి ఈ బెడద లేదు.

నిత్య సంరక్షణ సులువే

ఇంతకుమించి భయపడవలసినది తక్కువ. ట్యాపెట్ల సర్దుబాటుకు పెట్రోలు ట్యాంకు విప్పనక్కరలేదు. ఇంజను చల్లారాక రాకర్‌ కవరు తీసి, ఫీలర్‌ గేజి పెట్టి, మర, నట్టు తిప్పి బిగించడమే. బుల్లెట్‌ పని తెలిసిన మెకానిక్కు దీన్ని ఒక పూటలో నేర్చుకోగలడు. సుమారు 3 లీటర్ల ఇంజను ఆయిలును ప్రతి 3,000 కి.మీ.కు మార్చాలి. ఆయిల్‌ ఫిల్టరు మాత్రం చాంబరు లోపల ఉంటుంది. దాని కోసం చుట్టూ ఉన్న బోల్టులన్నీ విప్పవలసి రావడంతో పలువురు ఆ పనిని వాయిదా వేస్తుంటారు. పైన చెప్పిన పెచ్చులను ముందుగా పట్టుకునే అవకాశం కూడా ఆ సమయంలోనే దొరుకుతుంది కనుక వాయిదా తగదు. డిస్ట్రిబ్యూటర్‌లో రెండు సిలిండర్లకు రెండు సీబీ పాయింట్లు వేర్వేరుగా ఉంటాయి. రెంటినీ విడివిడిగా చూసుకోవాలి. రెండు కార్బ్యురేటర్లు సమంగా తెరుచుకోకపోతే బండి తక్కువ వేగంలో కుదుపుతుంది.

కష్టమైన పని క్లచ్చు. ఇది కార్లకు ఉన్నట్లు పొడి క్లచ్చు. ఇంజనుకు, గేరు బాక్సుకు మధ్య ఉంటుంది. క్రాంకు వెనుక సీలు కారితే ఆయిలు తగిలి ప్లేట్లు జారుతాయి. దీనికి ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. టోంటి ఫ్రేములో కింది గొట్టాలు విడివడతాయి. ఇంజనును వాటిపైనే ఉంచి, పై ఫ్రేమును ఎండ్రకాయ చిప్పలా ఎత్తి పక్కన పెడతారు. ఇద్దరు మనుషులు కావాలి, తొందర పనికిరాదు.

చైను లేదు, వెనుక చక్రానికి షాఫ్టు ద్వారా శక్తి అందుతుంది. లారీ షాఫ్టుకు ఉండే యూజే క్రాసు వంటిదే దీనిలోనూ ఉంది. అది అరిగితే నడకలో వణుకు తెలుస్తుంది. పట్టించుకోకపోతే విరిగి వెనుక చక్రం బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. బ్రేకులది మరో తీరు. కాలి పెడలు నొక్కితే వెనుక డిస్కుతో పాటు ముందున్న రెంటిలో ఒకటి పట్టుకుంటుంది. చేతి లివరుకు మిగిలిన ఒక్క డిస్కే దక్కుతుంది. చేతి బ్రేకు బలహీనంగా ఉందని కొత్త యజమానులు అనుకోవడానికి కారణం ఇదే.

నకిలీల గురించి ఒక మాట. ఇదే ఫ్రేముతో వచ్చిన ‘850 టి3’ అనే సాధారణ బండికి లె మాన్స్‌ ట్యాంకు, ముందు తొడుగు తగిలించి అమ్మినవి ఉన్నాయి. అసలు బండి ఫ్రేము సంఖ్య ‘వీఈ’ అక్షరాలతో మొదలవుతుంది. టి3కి అది ‘వీడీ’. అసలు సీటు నురుగుతో పోతపోసినది, త్వరగా చిరిగిపోయే రకం. చక్కని సీటు ఉంటే అది తర్వాత వేసినదేనని భావించవచ్చు, దాన్ని తప్పుపట్టనక్కరలేదు.

రిజిస్ట్రేషన్‌, పెట్రోలు

కేంద్రం 2021లో ప్రకటించిన నిబంధనల ప్రకారం వింటేజ్‌ వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌ రుసుము రూ.20,000, గడువు 10 ఏళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు మినహా రోజువారీ ప్రయాణానికి రోడ్డెక్కరాదు. విదేశం నుంచి తెచ్చుకునేవారు దిగుమతి నిబంధనలను, సుంకాన్ని బేరానికి ముందే విచారించుకోవాలి.

ఈ నిబంధన వల్ల బండి ఎక్కువ కాలం షెడ్డులోనే ఉంటుంది. అక్కడే పెట్రోలు సమస్య మొదలవుతుంది. 2025 నాటికి దేశవ్యాప్తంగా బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌ గాలిలోని తేమను పీలుస్తుంది. నిలవ ఉంటే నీరు అడుగున చేరి ఇనుప ట్యాంకు తుప్పు పడుతుంది, కార్బ్యురేటర్లలోని పాత రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. 1974 నాటి డుకాటి ‘750 ఎస్‌ఎస్‌’ వంటి ఫైబర్‌ గ్లాసు ట్యాంకులు గల బండ్లకైతే ట్యాంకే మెత్తబడిపోయే ముప్పు ఉంది. లె మాన్స్‌ యజమానికి ఆ భయం లేకపోయినా, నెల మించి నిలిపేటప్పుడు పెట్రోలు కుళాయి కట్టి, కార్బ్యురేటర్‌ గిన్నెల్లోని పెట్రోలు వంపివేయాలి. రబ్బరు భాగాలు, పైపులు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించుకోవాలి. ప్లగ్గులు తీసి సిలిండర్లలో నాలుగు చుక్కల ఆయిలు వేసి, ఇంజనును ఒకటి రెండు చుట్లు తిప్పి ఉంచితే క్రోమియం పూతకు చెమ్మ అంటదు.