ముందు నిల్వా, చిత్రమా?

తొండూరులోని నా మేనల్లుడు పాత కంప్యూటరుకు ఎస్సెస్డీ కొనాలా, గ్రాఫిక్స్ కార్డా అని అడిగాడు. శనగలమ్మిన డబ్బు; రెండూ రావు. ఈ చిక్కుముడిని విప్పడానికి నేను చరిత్రనే ఆశ్రయించాను.

1993 నాటి ‘డూమ్’ ఆటలో దృశ్యమంతా ప్రాసెసరే గీసేది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ వారి ‘వూడూ’ కార్డు ఆ బరువులో కొంత దించింది. 1999లో ‘జీఫోర్స్ 256’ మరికొంత తలకెత్తుకుంది. నాటినుండి ఆట వేగం ప్రధానంగా కార్డు చేతిలోకి వెళ్ళింది. హార్డు డిస్కు మాత్రం తిరిగే పళ్ళెంగానే మిగిలింది. 2008లో ఇంటెల్ ‘ఎక్స్25-ఎమ్’ వంటి ఎస్సెస్డీలు నిరీక్షణను తగ్గించాయి గాని, ఫ్రేములను పెంచలేదు. చివరికి 2023లో ‘స్టార్‌ఫీల్డ్’ ఎస్సెస్డీని కనీసావసరంగా ప్రకటించింది.

అందుచేత మేనల్లుడికి ఇలా వ్రాశాను: “నీ యంత్రంలో హార్డు డిస్కు ఒక్కటే ఉంటే ముందు చిన్న ఎస్సెస్డీ కొను, ఆటకే కాదు, చదువుకూ పనికివస్తుంది. అది ఇప్పటికే ఉంటే, రిజల్యూషను తగ్గించి ఆడి చూడు. వేగం పెరిగితే కొరత కార్డుదే. అప్పుడైనా పవర్ సప్లై ఆ కార్డును మోయగలదో లేదో చూసుకున్నాకే డబ్బు తియ్యి.”

ఆట మొదలయ్యేదాకా వేచి ఉండటం ఒక బాధ, మొదలయ్యాక నత్తనడక మరొక బాధ. ఒకదాని మందు రెండవదానికి పనిచేయదు.