రాత్రి బడి పంతులమ్మలు

పెద్దవాళ్ళకు చదువు చెప్పడం నేర్చుకున్న మనుషులు ఒకప్పుడు మన పల్లెల్లో వేలాదిగా ఉండేవారు. పదో తరగతితో ఆగిపోయిన ఆడపిల్లలు, ఇంటరు తప్పిన కుర్రాళ్ళు, కాస్త చదువుకుని కాపురానికొచ్చిన కోడళ్ళు. సర్కారు వాళ్ళను కాలానికో పేరుతో పిలిచింది. ఒకప్పుడు ఇన్‌స్ట్రక్టరన్నారు, తర్వాత వలంటీరన్నారు, ఆ తర్వాత ప్రేరక్, చివరికి కోఆర్డినేటరు. ఊరు మాత్రం పంతులమ్మ అనో పంతులు అనో పిలిచి ఊరుకుంది. అక్షరాస్యతా ఉద్యమం గురించి రాసినప్పుడల్లా కలెక్టర్లను తలుచుకున్నాం, కళాజాతాలను తలుచుకున్నాం, లక్ష్యాలనూ శాతాలనూ ఏకరువు పెట్టాం. రాత్రి ఏడింటికి చాప పరిచి ఊళ్ళోవాళ్ళ కోసం ఎదురుచూసిన ఆ మనిషికి ఏం జరిగిందో రాసుకోలేదు. ఉద్యమం పడిపోయింది అంటాం గానీ, ముందు పడిపోయింది ఆ మనిషి.

1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 15 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసున్న పది కోట్ల మందికి ఐదేళ్ళలో చదువు చెప్పాలని సంకల్పం. ఒక్కో కేంద్రానికి ముప్పై మంది. చెప్పే మనిషికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. అంత పెద్ద సంకల్పంలో అన్నింటికన్నా తక్కువ విలువ కట్టింది ఆ మనిషికే. కిరసనాయిలు సమయానికి అందక లాంతరు వెలగని రాత్రులూ, కాగితం మీద ఉండి ఊళ్ళో కనిపించని కేంద్రాలూ ఆ రోజుల్లోనే జనం నోళ్ళలో పడ్డాయి. పదేళ్ళ తర్వాత, 1988 మే 5న, జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. 1990 ఫిబ్రవరిలో కేరళలోని ఎర్నాకుళం జిల్లా సంపూర్ణ అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించారు. అక్కడ పాఠం చెప్పినవాళ్ళు జీతగాళ్ళు కారు, ఊరివాళ్ళే. ఆ గాలి మనవైపు వీచింది. చిత్తూరులో అక్షర తపస్మాన్, నెల్లూరులో అక్షర దీపం అనే పేర్లతో అక్షరాస్యతా ఉద్యమాలు మొదలయ్యాయి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, బడిపంతుళ్ళు, కాలేజీ పిల్లలు ఊరూరా తిరిగారు. పాటలు పాడారు, నాటికలు ఆడారు. ఆట ముగిశాక, మీ ఊళ్ళో చదువు చెప్పేదెవరు అని అడిగితే చేతులెత్తినవాళ్ళలో ఆడపిల్లలు ఎందరో. ఈసారి 50 రూపాయలు కూడా లేవు. అడిగినవాళ్ళూ లేరు.

వాళ్ళ శిక్షణ గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. ఈ కథలో మనం పోగొట్టుకున్నది అదే.

చదువు చెప్పడమంటే ఆ పిల్లలకు తెలిసింది తమ బడి ఒక్కటే. బెత్తం, వల్లెవేత, గోడకుర్చీ. శిక్షణలో మొదట జరగవలసింది ఆ బడిని వాళ్ళ లోపలి నుంచి తీసేయడం. ఎదురుగా కూర్చునేది ఆరేళ్ళ పిల్ల కాదు. పొద్దున్నించీ నాట్లు వేసి, వంట చేసి, పిల్లలకు పెట్టి, అత్తగారి చూపు తప్పించుకుని వచ్చిన ఆడమనిషి. ఆమె తప్పు రాస్తే నలుగురి ముందు దిద్దకూడదు. ఆలస్యంగా వస్తే ఎందుకని అడగకూడదు. వరసపెట్టి పిలవాలి. అక్కా, వదినా, పెద్దమ్మా అన్నాకే పలక చేతికివ్వాలి. పాఠం కూడా అ, ఆలతో మొదలుకాదు. ముందు ఒక బొమ్మ, దాని గురించి మాటలు. ఈ బొమ్మలో ఏముంది, మన ఊళ్ళో ఇలాగే ఉంటుందా, కూలి ఎంతిస్తున్నారు, నీళ్ళెక్కడినుంచి మోస్తున్నారు? ఆ మాటల్లోంచి ఒక పదం బయటికొస్తుంది. పదంలోంచి అక్షరాలు విడివడతాయి. అక్షరాలతో మళ్ళీ కొత్త పదాలు కూడతాయి. మూడు వాచకాలు, మొత్తం సుమారు 200 గంటలు. ఆ గంటలు పూర్తయ్యేసరికి నిమిషానికి ముప్పై మాటలు పైకి చదవగలగాలి, చూసి ఏడు మాటలు రాయగలగాలి, చెబుతుంటే ఐదు మాటలు రాయగలగాలి, నూరు దాకా అంకెలు రావాలి. మిషన్ పెట్టుకున్న కొలతలవి.

కొలతల్లో లేని విద్య ఇంకా చాలా ఉంది. వరికోతలప్పుడు బడి నడవదు, నడపాలని చూడకూడదు. నలభై దాటిన మనిషి అక్షరం పోల్చుకోలేకపోతుంటే అది మొద్దుతనం కాకపోవచ్చు, చత్వారం కావచ్చు. కళ్ళజోడు లేక మానేసినవాళ్ళను తెలివిలేక మానేసినవాళ్ళ ఖాతాలో రాసేశారు చాలాచోట్ల. ఇక లెక్కల దగ్గర పంతులమ్మే శిష్యురాలు. వేళ్ళ కణుపుల మీద వారం కూలి లెక్కగట్టి చెప్పే మనిషికి కూడిక నేర్పనక్కర్లేదు. ఆమె నోట ఉన్న లెక్కను కాగితం మీద పెట్టడం ఎలాగో చూపిస్తే చాలు. చేయి తిరగడం లేదని బెంగపెట్టుకున్న మనిషికి, రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలిపే చేయి నీదే కదా అని గుర్తుచేయాలి. ముగ్గు వేసే చేతికి అక్షరం వంపు కొత్తేమీ కాదు. ఇవేవీ బీఈడీ కాలేజీల్లో చెప్పరు. ఇరవై ఏళ్ళ అమ్మాయి, తనకన్నా రెట్టింపు వయసున్న ఆడవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళకు తెలిసింది ఏమిటో ముందు తెలుసుకుని, తెలియనిది ఆ తర్వాత చెప్పడం నేర్చుకుంది. నా దృష్టిలో అంతకన్నా ఉన్నతమైన ఉపాధ్యాయ శిక్షణ మన గడ్డ మీద జరగలేదు.

అయితే ఆ శిక్షణ పైనుంచి కిందికి దిగుతూ వచ్చింది. జిల్లాలో కొందరు రిసోర్స్ పర్సన్లు, వాళ్ళు తయారుచేసిన మాస్టర్ ట్రైనర్లు, వాళ్ళు మండలాల్లో తయారుచేసిన వలంటీర్లు. మంచి మనసున్న జిల్లాల్లో, మంచి మనుషులున్న మండలాల్లో అది సారం చెడకుండా దిగింది. మిగతాచోట్ల మెట్టుమెట్టుకూ కొంత ఒలికిపోయింది. జిల్లాలో వాదోపవాదాలు జరిగిన విషయం మండలంలో ఉపన్యాసమైంది. ఊరికొచ్చేసరికి వాచకాలు పంచి సంతకాలు తీసుకోవడమే శిక్షణైంది. పతనం మొదలైంది అక్కడ. ఎవరూ దాన్ని పతనం అనుకోలేదు, ఎందుకంటే చేరినవాళ్ళ సంఖ్య పెరుగుతూనే ఉంది.

నెల్లూరు జిల్లాలో మాత్రం సారం దిగిందనడానికి సాక్ష్యం చరిత్రలోనే ఉంది. వాచకంలో సీతమ్మ కథ ఉంది, తాగుడు ఒక సంసారాన్ని ఏం చేసిందో చెప్పే కథ. పాఠం చదవడం అయ్యాక మాట మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ సంగతి తర్వాతి దశ వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై అచ్చయింది. రాత్రి బడిలో కూర్చున్న మరో ఊరి ఆడవాళ్ళు దాన్ని కూడబలుక్కుంటూ చదివారు. మన ఊళ్ళో ఎందుకు కాకూడదు అనుకున్నారు. 1992లో ఆ అగ్గి జిల్లా అంతటా రాజుకుంది, సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. తెలియాల్సిందే. ఆ పాఠాలను చదివించి, ఆ మాటను మొదలుపెట్టించి, సారా కాంట్రాక్టరు మనుషులు బెదిరించినా మర్నాడు మళ్ళీ చాప పరిచిన పంతులమ్మల పేర్లు ఎవరికి తెలుసు?

తర్వాత జరిగినది ఒక్క దెబ్బకు జరిగింది కాదు. అక్షరాస్యతా ఉద్యమం ముగిసిందని సభలు పెట్టి చెప్పారు. వలంటీరు పని అయిపోయింది, ఇంటికి వెళ్ళవచ్చు. కొత్తగా చదువు వచ్చిన మనిషికి అక్షరం నిలవాలంటే చదవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి, చదివించే తోడు ఒకరుండాలి. సైకిల్ తొక్కడంలా ఒకసారి వస్తే పోని విద్య కాదది. వాడకపోతే రెండేళ్ళలో గుణింతాలు జారిపోతాయి, ఒత్తులు జారిపోతాయి, చివరికి సంతకం ఒక్కటే బొమ్మలా మిగులుతుంది. అందుకోసమే నిరంతర విద్యా కేంద్రాలన్నారు. ప్రేరక్‌కు నెలకు 700 రూపాయలు. మొదటి మూడేళ్ళు ఖర్చంతా కేంద్ర ప్రభుత్వానిది, తర్వాత రెండేళ్ళు రాష్ట్రంతో సగం సగం, ఆ పైన రాష్ట్రమే చూసుకోవాలి. అలాంటి ఏర్పాటు ఎటు వెళుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన రాష్ట్రంలో అక్షర సంక్రాంతి వచ్చింది, అక్షర భారతి వచ్చింది. ప్రతిసారీ కొత్త పేరు, కొత్త వాచకం, కొత్త శిక్షణ. పాత పంతులమ్మకు తెలిసినది ఏమిటని అడిగి, దాని మీద కట్టిన కార్యక్రమం ఒక్కటీ లేదు.

ఇంకో మార్పు కూడా అప్పుడే జరిగింది, అది అందరికీ మంచిగానే కనిపించింది. సారా ఉద్యమం నుంచి వచ్చిన ఊపుతో నెల్లూరులో పొదుపు లక్ష్మి మొదలైంది, రోజుకు రూపాయి. ఆ తర్వాత పొదుపు సంఘాలు రాష్ట్రమంతా అల్లుకున్నాయి. ఆడవాళ్ళ చేతికి డబ్బు వచ్చింది, బ్యాంకు గుమ్మం తెలిసింది, ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ సంఘానికి లెక్కలు రాసే మనిషి కావాలి. ఊళ్ళో చదువుకున్న చురుకైన అమ్మాయి బుక్ కీపరైంది. నిన్న పదిమందికి రాయడం నేర్పినామే ఇవాళ పదిమంది తరఫున తానే రాసింది. మిగతావాళ్ళు సంతకం పెడితే సరిపోయింది. అక్షరం అవసరం ఒక్కరి దగ్గర కుదురుకుని, తక్కినవాళ్ళకు తీరిపోయినట్టైంది. దీన్ని తప్పు అనడానికి నాకు నోరు రావడం లేదు. అయినా రాత్రి బడి ఖాళీ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొక బలమైన కారణమని నమ్ముతున్నాను.

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ వచ్చింది. ఏడు కోట్ల మందికి చదువు, వాళ్ళలో ఆరు కోట్ల మంది స్త్రీలు. పంచాయతీకో వయోజన విద్యా కేంద్రం, అందులో ఇద్దరు కోఆర్డినేటర్లు, ఒకరు తప్పనిసరిగా స్త్రీ. నెలకు 2,000 రూపాయలు. మండల కోఆర్డినేటరుకు 6,000. మళ్ళీ ఆశ పుట్టింది. కేంద్రాల్లో దినపత్రికలు పడ్డాయి, క్యారమ్ బోర్డులు వచ్చాయి. పెళ్ళయిన ఆడవాళ్ళు, ఇంట్లో ఒప్పించుకుని, ఇది మెల్లగా ఉద్యోగమవుతుందన్న నమ్మకంతో చేరారు. ఆ 2,000 నెలల తరబడి రాని కాలాలున్నాయి. ఈలోగా చేతిలో మనుషులున్నారు కదా అని ఓటర్ల జాబితాల పనికీ, మరుగుదొడ్ల సర్వేలకూ వాళ్ళనే పంపారు. శిక్షణలో నేర్చుకున్న విద్యకు వారంలో మిగిలిన పూటలెన్ని? మార్చిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం పరీక్ష పెట్టేది. ఎంతమంది రాశారన్నదే అందరూ అడిగే ప్రశ్న. ఎలా నేర్పావమ్మా అని అడిగే అధికారి దొరకడం అపురూపమైంది.

2018 మార్చి 31తో సాక్షర భారత్ ఆగిపోయింది. తొలగింపు అనే మాట కూడా అక్కర్లేకపోయింది, ఎందుకంటే వాళ్ళెప్పుడూ ఉద్యోగులు కారు. కలెక్టరేట్ల ముందు కూర్చున్నారు, వినతిపత్రాలిచ్చారు, బకాయిలైనా ఇప్పించమన్నారు. ఎనిమిదేళ్ళు పంతులమ్మ అనిపించుకున్న మనిషి, ఆ పేరే తప్ప చేతిలో ఏ కాగితమూ లేకుండా, కూలికో కుట్టుమిషను దగ్గరికో వెళ్ళింది. పోయిన 2,000 కన్నా ఎక్కువ కోత పెట్టేది ఇంకొకటుంది. నువ్వు నేర్చుకున్నది ఒక విద్య అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వయోజనులకు బోధించడం ఒక వృత్తి అని, దానికో అర్హత పత్రం, దానికో మెట్టు, పదేళ్ళ అనుభవానికో విలువ ఉండాలని నలభై ఏళ్ళలో ఏ ప్రభుత్వమూ అనుకోలేదు.

ఇప్పుడు 2022 నుంచి 2027 వరకు కొత్త కార్యక్రమం నడుస్తోంది. పేరు ఉల్లాస్. ఐదు కోట్ల మంది లక్ష్యం, 1,037.90 కోట్ల రూపాయల అంచనా వ్యయం. చెప్పేవాళ్ళు మళ్ళీ వలంటీర్లే, గౌరవ వేతనం లేనివాళ్ళే. పాఠాలూ శిక్షణా చాలావరకు ఫోనులోకి వచ్చాయి. వీడియో చూసి ఎవరైనా చెప్పవచ్చు, బడిపిల్లలు ఇంట్లో అమ్మమ్మకు చెప్పవచ్చు. ఆ పిల్లల ఉత్సాహం మీద నాకు గౌరవముంది. 1991లో చాప పరిచినవాళ్ళకు ఇవాళ యాభై దాటాయి. చత్వారం గురించీ, వరికోతల గురించీ, వరస కలిపి పిలవడం గురించీ చెప్పగలిగిన ఆ మనిషి ఆ పిల్ల ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉండవచ్చు. పిల్లకు ఆ సంగతి తెలియదు, మండల కార్యాలయానికీ తెలియదు. ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ అక్షర దీపం రోజుల్లో మూడు వాచకాలూ పూర్తిచేసి, అక్షరాస్యురాలిగా ఒకసారి లెక్కకెక్కిన మనిషే అయివుండవచ్చు. ఈసారి ఆమెను మళ్ళీ నిరక్షరాస్యురాలిగానే నమోదు చేసుకున్నారు.