మా సీమ పనిపాటలు

చరిత్ర యనగనే రాజులును యుద్ధములును తలపునకు వచ్చుట మనకు వాడుకైపోయినది. జనులు ప్రొద్దున లేచి యే పనికి బోయిరి, ఆ పనికి వారికేమి ముట్టెను అను సంగతులు గ్రంథములకెక్కుట యరుదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మేము చూచినదియు, పెద్దలవలన వినినదియు నిచట గొంత వ్రాయుచున్నాము.

మా చిన్నతనమున సిరిసిల్లలోని నేతవారి యిండ్లలో గుంటమగ్గము లుండెడివి. మగవాడు గుంటలో కాళ్ళుంచి నాడె విసరుచుండగా ఇల్లాలు కండెలు చుట్టుచుండెను. ముసలివారు ఆసు పోయుచుండిరి. కూడు చాలినంత లేకున్నను ఇంటిల్లిపాది పనియు ఒక్క బట్టలో గలిసియుండెను. బొంబాయి, భీవండి, షోలాపురములకు బోయి మరమగ్గముల పని నేర్చినవారు పిదప ఆ యంత్రములను స్వస్థలమునకు దెచ్చిరి. 1982 నాటి బొంబాయి మిల్లుల సమ్మెలో పని పోయి మరలివచ్చినవారును గలరు. ఇప్పుడు నూలు యజమానిది, మగ్గము ఆసామిది, చేయి మాత్రము కార్మికునిది. ఒక్కడు ఏడెనిమిది మగ్గముల నడుమ పండ్రెండు గంటలు నిలుచును. కూలి మీటరు లెక్క. కరెంటు పోయిన గడియ ఆ లెక్కలోనికి రాదు. 2000 తరువాతి యేండ్లలో సిరిసిల్ల పేరు నేతకార్మికుల యాత్మహత్యలతో పత్రికల కెక్కినది. 2017 నుండి ప్రభుత్వము బతుకమ్మ చీరల నిచ్చట నేయించినప్పుడు కొంత పని దొరికినది. 2024లో ఆ పంపిణీ యాగగా మగ్గములు మూగవోయినవి. తరువాత మహిళాసంఘముల చీరలకై మరియొక ఆర్డరు వచ్చినది.

మరి కండెలు చుట్టిన ఇల్లాలి సంగతి యేమి? ఆమె బీడీచేట ముందర గూర్చుండెను. కోరుట్ల, జగిత్యాలలలోను అంతే. తునికాకు నీట నానవైచి, తడిగుడ్డలో చుట్టి, రేకు కొలతకు గత్తిరించి, తంబాకు నించి, దారము కట్టి, మొన మడచిన ఒక బీడీ యగును. కూలి వేయింటికి. పొయ్యి యొద్దనుండి లేచి చేటకు, చేట యొద్దనుండి లేచి పొయ్యికి; వేలికొనలు కాయలు గాచును, తంబాకు దుమ్ము రొమ్మున జేరును. కార్ఖానాకు గొనిపోయినచో బాగుగ లేవని కొన్నిటిని దీసివేయుదురు. ఇచ్చిన ఆకు చాలనిచో తానే యంగడిలో గొని వేయి నింపవలెను. పెండ్లిచూపులలో పిల్లకు బీడీలు చుట్టవచ్చునా యని యడుగుట మేమెరుగుదుము. బడి మానిపించి చేట ముందర గూర్చుండబెట్టిన బాలికలనుగూడ నెరుగుదుము. "ఇంట గూర్చుండి చేయు పనియే కదా" యని చదువుకొన్న మిత్రులే మాతో ననిరి! 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంటియొద్ద చుట్టు స్త్రీనిగూడ కార్మికురాలిగనే యెంచినది. ఆ మిత్రులు చట్టమునకంటె వెనుకబడియున్నారు.

మగవారి దారి వేరు. 1978 సెప్టెంబరు 7న వేలకొలది కూలీలును రైతులును వెట్టికిని దొరతనమునకును ఎదురుగ జగిత్యాలలో ఊరేగిరి. దానినే జైత్రయాత్ర యందురు. అక్టోబరు నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వము కల్లోలిత ప్రాంతములుగ బ్రకటించెను. ఇంచుమించు ఆ కాలముననే, 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట, అరబ్బు దేశములలో కట్టడపుపనులు మిక్కుటమై మా పడుచువారిని బిలిచినవి. మస్కటైనను కువైటైనను మా యూళ్ళలో దుబాయియే. గడీలో వెట్టి చేయనన్న వాని కుమారుడే అక్కడ తన పాస్‌పోర్టును యజమాని చేతబెట్టి, ఆతని యనుమతి లేక యిల్లు చేరజాలకుండెను. 1983 నాటి వలసచట్టము ఏజెంట్లకు లైసెన్సు విధించినను, లైసెన్సు లేని వాని మాట నమ్మి వీసాకై వడ్డీకి దెచ్చి పోసినవా రెందరో.

కోరుట్ల చెంత ఒక రెండంతస్తుల మేడను ఊరివారు దుబాయి యిల్లందురు. భర్త పోయిన తొలి రెండేండ్లు అప్పు వడ్డీ నెలనెల గట్టినది బీడీకూలితోనని ఆ యింటి యిల్లాలు మాకు లెక్క చూపినది.