పత్తర్‌గట్టికి పాత రంగు

పాత కట్టడాన్ని ఫోన్‌తో ఫోటో తీసి నూరేళ్ల వయసు తెప్పించడానికి అందరూ చెప్పే సూత్రం ఇది: ‘రంగులు తీసెయ్, సెపియా వెయ్, గ్రెయిన్ చల్లు, అంచులు నల్లబరుచు.’ హైదరాబాద్ పత్తర్‌గట్టి కమానులకైనా, హైకోర్టు గుమ్మటాలకైనా ఇదే మంత్రం. ఒక్కో మాటా విప్పి చూద్దాం.

రంగులు తీసెయ్: అసలు పనంతా ఇక్కడే ఉంది. జనం ఒక్క నొక్కుతో దాటేసేదీ ఇదే. పంతొమ్మిదో శతాబ్దపు గాజు ప్లేట్లకు నీలం, ఊదా కాంతులే బాగా ఆనేవి. ఎరుపు దాదాపు ఆనేదే కాదు. అందుకే పాత ఫోటోల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది, మబ్బుల జాడే ఉండదు. ఎర్రరాయి నల్లగా దిగిపోతుంది. 1920లో తెరిచిన హైదరాబాద్ హైకోర్టును ఈ తీరున చూపాలంటే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌లో ఎరుపు, నారింజ, పసుపు స్లైడర్లను కిందికి లాగి, నీలాన్ని పైకి నెట్టాలి. రోడ్డు మీది పసుపు ఆటోలు కూడా నల్లబడతాయి, అదొక లాభం. ముదురు ఆకాశంలో తెల్లమబ్బులు తేలాలని మోజుపడేవాళ్లున్నారు. అది ఎర్ర ఫిల్టర్ పెట్టి తర్వాతి కాలపు ఫిల్మ్ మీద తీసిన ఫోటోల అందం, గాజు ప్లేట్ల నాటిది కాదు.

సెపియా వెయ్: ఏ గోధుమ రంగు? ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో ప్రింట్లు ఎక్కువగా కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదే వేసేవారు. బంగారు లవణంతో టోన్ చేస్తే నీడలు వంగపండు ఛాయ తేలేవి. ఏళ్లు గడిచేకొద్దీ వెలుగు భాగాలు మీగడ రంగుకు తిరిగేవి. సల్ఫైడ్ టోనింగ్ వేరే సంగతి: ప్రింటులోని వెండిని వెండి సల్ఫైడ్‌గా మారుస్తారు. గది నిండా కుళ్లిన గుడ్ల కంపు కొట్టినా, బొమ్మ మామూలు వెండి బొమ్మకన్నా చాలాకాలం నిలుస్తుంది. యాప్‌లోని సెపియా బటన్ ఈ రెండింటిలో దేన్నీ పోలదు. ఫోటో మొత్తాన్నీ టీ డికాషన్‌లో ముంచి తీస్తుంది. వెలుగులకు లేత మీగడ రంగు, నీడలకు ఊదా కలిసిన గోధుమ రంగు విడివిడిగా, పలచగా వేయండి.

గ్రెయిన్ చల్లు: వద్దు. పెద్ద గాజు నెగటివ్‌ను కాగితానికి ఆనించి అదే కొలతలో ప్రింటు వేసేవారు, కాబట్టి గ్రెయిన్ కంటికి ఆనేది కాదు. రాతి అతుకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. దొంగ గీతలు, మరకలు చల్లడం ఇంకా అన్యాయం.

అంచులు నల్లబరుచు: నాలుగు మూలలూ కాదు. ఎత్తైన కట్టడం నిటారుగా పడాలని కెమెరాను పైకి వంచకుండా లెన్స్‌నే పైకి జరిపేవారు. మరీ జరిపితే పై మూలలు రెండూ లెన్స్ వెలుగుకు అందక నల్లబడేవి. ముందు నిలువు గీతలు సరిచేసి, తర్వాత ఆ రెండు మూలలే కాస్త ముదురు చేస్తే చాలు.

సూత్రం మరిచింది మనుషుల్ని. నెమ్మది ప్లేట్ల మీద నడిచేవాళ్లు పొగలా చెదిరేవారు. ట్రైపాడ్ మీద, వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్‌తో షటర్‌ను కొన్ని సెకన్లు తెరిచి ఉంచితే బైకులు కరిగిపోతాయి, బండి పక్కన కదలక కూర్చున్న గాజులమ్మే ఆమె మిగులుతుంది. ఇక ఫ్రేములో చార్మినార్ కూడా పడితే, దాని గడియారాలు 1889లో పెట్టినవి. అంతకు ముందరి బొమ్మ కావాలనే పట్టుదల ఉన్నవాళ్లు వాటినీ చెరపాల్సిందే. నేనైతే గడియారాలు ఉంచి, కేబుల్ తీగలు తీసేస్తాను.